కొండమీద ఆరని గొంగడి

తుపాను తీరం దాటిన నాలుగో రోజు పొద్దున ఆరింటికి పానగల్‌లో మా ఇంటి ముందు ఆటో ఎక్కాను. భుజాన ఒక సంచి, ఒళ్లో ఒక మూట. సంచి నాది. మూట మా పక్కింటి లచ్చమ్మది. ఈ ప్రయాణంలో నేను పడ్డ పాట్లన్నీ ఆ మూట వల్లనే కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

మూటలో ఉన్నది కొత్త గొంగడి. లచ్చమ్మ వాళ్లు గొర్లకాపరులు. తమ గొర్ల బొచ్చే కత్తిరించి, ఏడాదంతా వాకిట్లో కూర్చుని తనే దారం వడికి, నేతగాడికిచ్చి నేయించింది. ఆమె భర్త బీరయ్య దసరా దాటగానే మందను తోలుకుని అమ్రాబాద్ కొండమీదికి వెళ్తాడు. అక్కడి రైతుల చేలల్లో రాత్రిపూట మందను నిలుపుతాడు. గొర్ల ఎరువు చేనుకు, ధాన్యం ఈయనకు. ఈసారి వానలు వదలకపోవడంతో కొత్త గొంగడి సమయానికి అందలేదు. చిల్లులు పడ్డ పాతదాన్నే కప్పుకుని వెళ్లిపోయాడు.

కొత్తది ఇల్లు చేరేసరికి అంచు కుట్టడం ఒక్కటే మిగిలింది. ఆ పని ఇంటి ఆడవాళ్లదట. కుట్టవలసిన లచ్చమ్మేమో తుపాను మొదటిరోజు బర్రెకు గడ్డి వేయబోయి బురదలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నల్లగొండ దవాఖానలో పిండికట్టు వేశారు. అంచు నేనే కుట్టాను. తర్వాత దాన్ని కొండెక్కించే పని కూడా నాకే పడింది. వాళ్ల కూతురు షాద్‌నగర్‌లో కంపెనీ పనిలో ఉంది, సెలవు దొరకలేదు. నేనేమో పాతికేళ్లు చేనేత సొసైటీ దుకాణంలో చీరలు మడతపెట్టి రిటైరైనదాన్ని. అప్పటినుంచీ కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నానని మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

తుపానుకు ముందు బీరయ్య ఫోన్ చేసినప్పుడు మాటకూ మాటకూ మధ్య దగ్గాడు. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది. కొండమీద కరెంటు పోయిందనీ, మనిషి బాగానే ఉన్నాడనీ అటునుంచి వచ్చిన ఒక లారీ డ్రైవర్ చెప్పాడు.

"వాన కాదు వదినె నా ఫికర్. వాన పోయినంక వచ్చే చలి," అంది లచ్చమ్మ. "మొగులు తేటపడ్డ రాత్రి గా కొండ మీద గొర్లు గూడ వణుకుతయి. ఆయనకు అసలే దమ్ము, చలికి ఊపిరి అందది. గిది ఆయన మీద కప్పి రా. నా చెయ్యి ముచ్చట మాత్రం ఎత్తకు. తెలిసిందంటె మందనిడిసి ఉరికొస్తడు. గొర్లు ఈనే దినాలు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను. నా మొహం అబద్ధాన్ని దాచలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే దారంతా ఆ ఒట్టే మూటకంటే బరువనిపించింది.

నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఏడుకు కదిలింది. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ చేతిలో పెట్టింది. చినుకు లేదు కానీ లోకమంతా తడిగానే ఉంది. పత్తి చేలల్లో విచ్చిన కాయలు నల్లబడి వేలాడుతున్నాయి. వరి ఒరిగిపోయింది. బస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కిటికీ పక్కన కూర్చున్న ప్రతివాళ్లూ తమ చేనులా ఉన్న చేనును వెతుక్కుంటూ చూస్తున్నారు.

దేవరకొండలో ఇడ్లీ తిని అచ్చంపేట బస్సు పట్టుకున్నాను. డిండి ఇంకా రాకముందే ఒక వాగు రోడ్డెక్కి పారుతోంది. బస్సు ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు దాటేదాకా గట్టున కూర్చున్నాం. సీతాఫలాల గంప పెట్టుకున్న ఒకామె తలా ఒక పండు పంచింది. డబ్బులివ్వబోతే కసురుకుంది.

"సంతకు పోయేసరికి ఇవి చితికిపోతయి. చితికినయి అమ్మేకంటె మంచిగున్నయి తినిపిచ్చుడు నయం గదమ్మా."

నీళ్లు మోకాలి మట్టానికి తగ్గాక, అవతలి గట్టున ఇంకో బస్సు వచ్చి ఉందంటే, అందరం ఒకరి చేయి ఒకరు పట్టుకుని నడిచి దాటాం. సరిగ్గా మధ్యలో నా చెప్పు జారింది. నేను నిలదొక్కుకున్నాను గానీ మూట నిలదొక్కుకోలేదు. ఎర్రటి నీళ్లలో రెండు పల్టీలు కొట్టింది. సీతాఫలాలామె గంప నెత్తిమీద ఉండగానే వంగి దాన్ని ఒడిసిపట్టింది. ఆ నేర్పు చూసి అందరూ ఈలలు వేశారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పైగుడ్డ విప్పి చూస్తే గొంగడి ఒక పక్కంతా బురద.

అచ్చంపేట చేరేసరికి సాయంత్రం ఐదు. బస్టాండు ఎదురుగా మేడమీద గది, కిరాయి నాలుగు వందలు, బకెట్టు వేడినీళ్లు ఉచితం. ఆ ఉచితమే నా కొంప ముంచింది. బురద గొంగడిని ఆ మనిషికి ఎలా ఇస్తాను? పైగా అది అట్టలా బిరుసుగా ఉంది, ఒకలాంటి పుల్లటి వాసన. మాది నూలు నేసే ఇల్లు. కొత్త చీరకు మొదటి ఉతుకులో గంజి పోతేనే అది మెత్తబడి ఒంటికి హత్తుకుంటుంది. పాతికేళ్లు కొనుక్కున్న ప్రతి ఆడమనిషికీ ఇదే చెప్పాను. కాబట్టి వేడినీళ్లలో సబ్బుపొడి కలిపి గొంగడిని నానబెట్టి, కాళ్లతో తొక్కి, మూడుసార్లు జాడించాను. నీళ్లు చిక్కగా, జిగటగా పోతుంటే ఎంత సంతోషపడ్డానో! చేతిలో గొంగడి మెత్తగా జారిపోతుంటే లచ్చమ్మ చూస్తే మురిసిపోతుందనుకున్నాను.

పొద్దున్నే లేచి చూస్తే అది ఒక్క పిసరు ఆరలేదు. గది నిండా తడి గొర్రె వాసన. రెండు బిందెల నీళ్లంత బరువున్న దాన్ని భుజాన వేసుకుని శ్రీశైలం వెళ్లే బస్సు ఎక్కాను. హాజీపూర్ దాటాక ఘాట్ మొదలైంది. కింద మంచి ఎండ. మొదటి మలుపులో ఎండ పలచబడింది. రెండో మలుపులో మబ్బు బస్సులోకి వచ్చి కూర్చుంది. డ్రైవర్ లైట్లు వేశాడు. ఎక్కడో పక్కన నీళ్లు పడుతున్న చప్పుడే తప్ప చెట్టూ లేదు, లోయా లేదు. అంతలో మబ్బు చినిగి, ఆ చిరుగులోంచి తడిసిన కొండవాలు పచ్చగా, అంత దగ్గరగా కనబడేసరికి బస్సులో అందరం ఒక్కసారి "అబ్బ" అన్నాం. మళ్లీ మూసుకుంది.

మన్ననూరులో తొమ్మిదికి దిగాను. ఎండ కాస్తోంది. ఇంకేం కావాలి? చెక్‌పోస్టు పక్కనున్న టీకొట్టు కంచె మీద గొంగడి పరిచి, టీ చెప్పాను. టీ చేతికొచ్చేలోపు చినుకులు. గొంగడిని లోపలికి లాగాను. టీ తాగేలోపు ఎండ. మళ్లీ పరిచాను. మూడోసారి లాగుతుంటే కొట్టాయన నవ్వాపుకోలేకపోయాడు.

"తుపాను వాన కింద పోయిందమ్మా, మా కాడ పోలే. కొత్తల్లుని లెక్క. పోత పోత అంటది, నాలుగొద్దులు ఉంటది."

"మరి ఎప్పుడు ఆరుతుందయ్యా ఇది?"

"తూర్పు గాలి మళ్లాలె. ఉత్తరం గాలి కొట్టిందంటె గడియల మొగులంత ఊడ్చుకపోతది. ఇయ్యాల మళ్లేటట్టే ఉన్నది. గని రాత్రికి స్వెటరు తెచ్చుకున్నవా?"

ఆకాశం తేటపడితే గొంగడి ఆరుతుంది, కానీ లచ్చమ్మ భయపడ్డ చలిరాత్రి కూడా అదే. ఎండ రావాలని మొక్కాలో, వద్దని మొక్కాలో తెలియకుండా అమ్రాబాద్ ఆటో ఎక్కాను. ఆటో కుర్రాడు గొంగడిని టాపు మీద కట్టాడు. "గాలికి జెండ లెక్క ఆరుతది పెద్దమ్మా" అన్నాడు. అమ్రాబాద్ చేరేలోపు రెండు జల్లులు దాన్ని కొత్తగా తడిపాయి.

ఊరు దాటి ఇంకో రెండు కిలోమీటర్లు మట్టిబాట. కోసిన మక్కచేనులో ముళ్లకంప దడి, దడిలో మంద, పక్కన పెద్ద పరుపుబండ. బండ అంచున ఒక చిన్న పొగ. పొగ పక్కన బీరయ్య. ఒంటి మీద పాత గొంగడి ఉంది గానీ దానిలో సగం ఒక గొర్రెపిల్లకు చుట్టి ఉంది. నన్ను చూసి లేవబోయి దగ్గు తెరలో కూర్చుండిపోయాడు. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి, నెల రోజుల్లోనే మనిషి సగమయ్యాడు.

"చెల్లె! నువ్వేంది గీడ? ఇంటికాడ అంత మంచిదేనా?"

"మంచిదే అన్నా," అని గబగబా మూట ముందుకు తోశాను. "నీ గొంగడి తెచ్చిన."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పిండాడు. నీళ్లు కారాయి. వాసన చూశాడు. నా వంక చూశాడు.

"చెల్లె, దీన్ని సబ్బుతోటి ఉతికినవా?"

"బురదైంది. గంజి గూడ పోయిందిలే, మెత్తగైంది."

బీరయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్లీ నవ్వులోకి మారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "గంజి పోగొట్టినవు! గది చింతగింజల గంజి చెల్లె. గదుంటెనే వాన మీదికెల్లి జారిపోతది, గాలి ఆగుతది. గిప్పుడు దీంట్లకెళ్లి చలి జల్లెడల పడ్డట్టు పడతది. గొంగడిని వాన కడుగుతది గని మనం ఉతుకుతమా?"

తల ఎత్తలేకపోయాను. ఒక ఆడది ఏడాది పాటు వడికిన దారం, ఒక నేతగాడు వానల మధ్య ఆరబెట్టిన గంజి, ఒక్క సాయంత్రంలో మోరీ పాలు చేశాను. "పోనియ్యి, ఎండినంక పరుసుకుంట," అని ఆయన మంచితనంగా అంటుంటే ఇంకా సిగ్గేసింది.

అప్పుడే గాలి మారింది. మొదట పొగ చెప్పింది. అప్పటిదాకా మా మొహాల మీదికి వస్తున్నది ఒక్కసారి లోయ వైపు వంగింది. తర్వాత చెవులకు చల్లగా తగిలింది. ఉత్తరాన మబ్బు అంచు లేచి, కింద నీలం గీత కనబడింది. అది చూస్తుండగానే వెడల్పయింది. పన్నెండయ్యేసరికి బండ మీద కళ్లు చెదిరే ఎండ, తడి రాళ్ల మీద ఆవిరి.

నాకు బుర్ర పనిచేసింది. గంజి తీసేయడమే కాదు, గంజి పెట్టడం కూడా నాకు పుట్టుకతో వచ్చిన పని. చిన్నప్పటినుంచీ వీధిలో పడుగు సాచి కుంచెతో గంజి రాసిన చేతులివి. చేను గల రైతు ఇంటికి పరుగెత్తి ఆయన భార్యనడిగితే డబ్బాడు చింతగింజలు ఇచ్చింది. ఇద్దరం వేయించి, రోట్లో దంచి, పొట్టు చెరిగి, పెద్ద గిన్నెలో ఉడికించాం. అది పాయసంలా చిక్కబడేసరికి ఒంటిగంటన్నర. కుంచె లేకపోతే కొబ్బరిపీచు కట్ట కట్టుకున్నాను. బండ మీద గొంగడిని నాలుగు మూలలా రాళ్లు పెట్టి సాగదీసి, నేను ఒక పక్కనుంచి, బీరయ్య ఇంకో పక్కనుంచి గంజి రాస్తూ వచ్చాం. బొచ్చు అంతా ఒకే వైపు పడుకునేలా ఎలా దువ్వాలో ఆయన చెప్పాడు. పోగుల మధ్య గంజి గడ్డ కట్టకుండా ఎలా లాగాలో నేను చూపించాను.

"మీ నూలోళ్ల చెయ్యి సన్నగుంటది," అన్నాడు మెచ్చుకోలుగా. నా సిగ్గు సగం తీరింది.

అంచు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఆగింది. ఎర్రనూలు కుట్టు మీద బొటనవేలు పెట్టి ఒక జానెడు దూరం జరిపాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ జరిపాడు.

"గీ కుట్టు ఎవలు కుట్టిన్రు చెల్లె?"

నేను పీచు కట్టను గిన్నెలో ముంచుతూ ఉండిపోయాను. గంజి నిండా ఉన్న కట్టనే మళ్లీ మళ్లీ ముంచుతున్నాను.

"లచ్చి నా గొంగడి అంచు ఇంకోలకు ఇయ్యది," అన్నాడు నెమ్మదిగా. "జరమొచ్చినా ఇయ్యది. పిల్ల పుట్టిన పదొద్దులకు గూడ మంచంల కూసోని కుట్టింది. ఏమైంది దానికి?"

నా మొహం సంగతి ముందే చెప్పాను. ఆయన చూడనే చూశాడు.

"ఏ చెయ్యి?"

"కుడి. మణికట్టు. కట్టు ఏసిన్రు, ఇప్పుడు మంచిగనే ఉన్నది అన్నా. నొప్పి గూడ తగ్గింది. నేనే చూసుకుంటున్న. నీకు చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నది."

"అయితె నువ్వు చెప్పలే. కుట్టు చెప్పింది."

లేచి దడి దాకా వెళ్లి, ఊరి బాట వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ మనిషి ఇప్పుడే చెప్పులేసుకుని పానగల్ దాకా నడిచిపోతాడనుకున్నాను. లచ్చమ్మ భయపడింది ఇదే. మందలో ఒక గొర్రె నేలను కాలితో గీరుతూ, లేస్తూ, పడుకుంటూ ఉంది. ఆయన దాన్ని చూశాడు, బాటను చూశాడు. చివరికి దడి దాటి గొర్రె దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి తడితడిగా పసుపుపచ్చ జిగురుతో ఒక పిల్ల బయటపడింది. ఆయన దాని ముక్కు తుడిచి తల్లి ముందు పెట్టాడు. తన ముక్కు కూడా భుజానికి తుడుచుకున్నాడు.

గొంగడిని నేను గంటకోసారి తిరగేస్తూ కూర్చున్నాను. సూర్యుడు ఎటు జరిగితే అటు బండ మీద ఈడ్చాను. ఐదు గంటలకు ఎండ ఎర్రబడి, నీడలు చల్లబడేసరికి అది చేతికి అట్టలా గరగరమంటోంది. ఉప్పొంగిపోయాను. నిన్న అదే గరగరను కష్టపడి పోగొట్టాను మరి. బీరయ్య దాన్ని మధ్యకు మడిచి నెత్తిమీద ముసుగులా కొప్పెర వేసుకుని, చెంబుతో నీళ్లు పోయమన్నాడు. పోశాను. నీళ్లు పూసల్లా దొర్లి కింద పడ్డాయి.

ఆ రాత్రి రైతు ఇంట్లో రెండు దుప్పట్లు కప్పుకున్నా నా పళ్లు టకటకలాడాయి. తెల్లారగానే బండ దగ్గరికి పరుగెత్తాను. లోయ కనబడలేదు. తుపాను వదిలేసిన తడి అంతా రాత్రి చలికి కింద పేరుకుని, కొండ అంచుదాకా ఏకిన దూదిలా తెల్లగా నిండి ఉంది. దూరంగా రెండు మూడు శిఖరాలు మాత్రం దానిలోంచి తలలెత్తాయి. గడ్డి మీద మంచు కాళ్లకు సూదుల్లా గుచ్చుకుంది. బీరయ్య కొత్త గొంగడిలో గుడారంలా కూర్చుని ఉన్నాడు. గుడారం కిందనుంచి రెండు పిల్లల మూతులు బయటికొచ్చాయి.

"నిద్ర పట్టిందా అన్నా?"

"పట్టింది. ఎచ్చగున్నది. దమ్ము గూడ జర ఆగింది," అన్నాడు. అన్నాక ఒకసారి దగ్గాడు, కానీ నిన్నటి దగ్గు కాదు.

పాత గొంగడిని మడిచి నా చేతిలో పెట్టాడు. "గిది లచ్చికియ్యి. చెయ్యి కింద ఎత్తు పెట్టుకుంటది." రెండడుగులు వేశాక వెనక నుంచి కేకేశాడు. "చెల్లె, దాన్ని ఉతకకు!"

కేకేసి అక్కడే ఆగలేదు, నా వెనకే వచ్చి అమ్రాబాద్ దాకా నాతో నడిచాడు. మందను పక్క చేనులో ఉన్న ఇంకో కాపరికి కాసేపు ఒప్పజెప్పాడు. ఊరి మొదట్లో ఫోన్‌కు సిగ్నల్ అందింది. నా ఫోన్ నుంచి లచ్చమ్మకు కలిపి, ఆయనకు చెవులు కొంచెం మందం కాబట్టి స్పీకర్ పెట్టాను. ఆమె గొంతు వినగానే బీరయ్య గంభీరంగా మొహం పెట్టాడు.

"మంచిగున్నవా?"

"మంచిగున్న. గొంగడి ముట్టిందా? దమ్మెట్లున్నది?"

"ముట్టింది. తక్కువైంది. గీడ వాన పోయింది. నువ్వు బువ్వ తిన్నవా?"

"తిన్న."

"ఏ చేత్తోటి తిన్నవే?"

లైన్ పోయిందేమోనని ఫోన్ చూశాను. పోలేదు.

"వదినె చెప్పిందా?" చిన్న గొంతుతో అడిగింది లచ్చమ్మ.

"చెప్పలే. అంచు చూసిన."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "నువ్వు రాకు. గొర్లు ఈనుతున్నయి."

"రాను. గని గా చెయ్యి కదిపినవని తెలిసిందంటె, మందను తోలుకోనే వస్త."

ఇద్దరూ నవ్వారు. నేను ఫోన్ పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఆటో రావడం చూసి అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు, లేకపోతే ఆ ఇద్దరి మధ్య ఇంకాసేపు నిలబడి ఏడ్చేదాన్ని.

మీరెవరైనా తుపాను వెళ్లిన వారంలో అమ్రాబాద్ వెళ్లాలనుకుంటే వెళ్లండి. కింద ఎండ కాస్తోందని నమ్మి గొడుగు వదిలిపెట్టకండి, పైన ఎండ కాసిందని స్వెటరు మరిచిపోకండి. తెల్లవారగానే లోయను చూడటానికి లేవండి. తుపాను వదిలిన తడి ఉన్నన్నాళ్లే ఆ మంచు అంతగా నిండుతుందని ఊళ్లో చెప్పారు.

తిరుగు ప్రయాణంలో వాగు మోకాలెత్తు తగ్గి రోడ్డు బయటపడింది. బస్సు ఆగకుండా దాటింది. పక్క సీటావిడ ముక్కు చిట్లించి, "గా గొంగడి వాసనొస్తాంది, జర ఉతకరాదమ్మా" అంది. ఉతకొద్దన్నారని చెప్పి ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాను. పొగ, పాలు, గొర్రె, తడి మట్టి, అన్నీ కలిసిన వాసన. ఏం తోచక అంచు తిరగేసి చూశాను. లచ్చమ్మ కుట్టు. ఎర్రనూలు వెలిసి గోధుమరంగుకు వచ్చింది. నా కుట్టు దుకాణం కుట్టు, గీత గీసినట్టు ఉంటుంది. ఆమెది ప్రతి కుట్టూ కొంచెం ఎడమకు వాలి ఉంది, అక్కడక్కడా గింజంత ముడి. ఒక చోట మాత్రం కుట్టు అరిగి, నున్నగా, మెత్తగా అయిపోయి ఉంది. ఎందుకో ఒక క్షణం అర్థం కాలేదు. గొంగడిని మెడదాకా లాక్కుని చూస్తే ఆ అరిగిన చోటు సరిగ్గా గడ్డం కిందికి వచ్చింది.

ఎన్ని చలికాలాలు కొండమీద ఒంటరిగా పడుకుని ఆ కుట్టును గడ్డం కిందికి లాక్కున్నాడో ఆ మనిషి. నేను దాన్ని అలాగే పట్టుకుని దేవరకొండ వచ్చేదాకా కూర్చున్నాను.